కారు ఎడమకు లాగితే తప్పు రోడ్డుదేనా?

షట్టర్ ఇంకా సగం కూడా ఎత్తలేదు. షెడ్డు ముందు తెల్ల కారు ఒకటి ఆగి ఉంది. డ్రైవర్ సీటు వెనక్కి వాల్చుకుని లోపల ఒకతను పడుకున్నాడు. గన్నవరం ఎయిర్‌పోర్టుకీ బెజవాడకీ మధ్య ట్యాక్సీ తిప్పుకునే కుర్రాడు. సొంత బండే, కాకపోతే వాయిదాలు ఇంకా ఉన్నాయి. మూడు వారాల కిందట అతని కారుకి వీల్ అలైన్‌మెంట్ చేసి పంపింది నేనే.

"బాబాయ్, ఎడమకి లాగుడు తగ్గలేదు" అన్నాడు దిగుతూనే. ఎడమ చేత్తో కుడి భుజం నొక్కుకుంటున్నాడు. పొద్దుగూకులూ స్టీరింగ్‌ని కుడి వైపు బిగబట్టి ఉంచాల్సి వస్తోందట. ఎముకల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాడు. ఆయన మాత్రలు రాసి, "డ్రైవింగ్ తగ్గించు" అన్నాడట. ట్యాక్సీ డ్రైవర్‌కి ఆ సలహా ఎంత పనికొస్తుందో మీకు తెలుసు.

నిజం చెప్పాలంటే, మూడు వారాల కిందట కూడా ఇతను ఇదే మాట అన్నాడు. నేనేం చెప్పానో తెలుసా? "అది రోడ్డు వాలురా అబ్బాయ్. మన రోడ్లన్నీ ఎడమకే వాలి ఉంటాయి" అని. రిపోర్టు కాగితం చూపించాను. అందులో అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. కాగితం పచ్చగా ఉంటే మనసు కూడా పచ్చగా ఉంటుంది కదా! డబ్బులు తీసుకుని పంపేశాను.

ఆ మూడు వారాల్లో అతను ఇంకో రెండు చోట్లకి తిరిగాడు. ఒకచోట టైర్లు పోయాయన్నారు. ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించాడు. లాగుడు అలాగే ఉంది. రెండో చోట స్టీరింగ్ ర్యాక్ మార్చాలన్నారు, ముప్ఫై వేల పైమాటే అన్నారు. అది విని మళ్లీ నా దగ్గరికొచ్చాడు. అదొక్కటే అయితే ఇంకో నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చేవాడేమో. కారు చుట్టూ తిరిగితే ఎడమ వైపు అద్దం లేదు. ఆ చోట నల్ల టేపు చుట్టి ఉంది.

"ముందు రోజు రాత్రి" అన్నాడు. "ఫ్లైట్ లేటు. ఫ్యామిలీ ఎక్కారు, వెనక సీట్లో పాప నిద్రపోతోంది. ఫోన్ మోగితే కట్ చేద్దామని చూపు దించాను, రెండు క్షణాలు. ఎడమ పక్కన లైట్లు లేకుండా లారీ ఆగి ఉంది బాబాయ్. అద్దంతో పోయింది."

బండి నడుపుతూ ఫోన్ చూడటం తప్పే, అతనికీ తెలుసు. కానీ తిన్నగా పోయే బండి అయితే ఆ రెండు క్షణాల్లో లారీ దాకా పోయేది కాదు. ఆ బండిని 'బాగుంది' అని పంపిన కాగితం మీద ఉన్న సంతకం నాది.

రోడ్డు వాలు అబద్ధం కాదు. వాన నీళ్లు నిలవకుండా రోడ్డుని నూటికి రెండు, రెండున్నర వంతున వాల్చి వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఆ వాలు ఎడమకే. డివైడర్ ఉన్న హైవేలో కూడా మామూలుగా మన వైపు రోడ్డంతా బయటి అంచుకే వాలుతుంది. కాబట్టి ఏ కారైనా వదిలేస్తే మెల్లగా ఎడమకి జారుతుంది. అది లాగుడు కాదు, జారుడు. మరి లాగుడు ఏది? నా లెక్క ఇది. తెల్లవారుజామున, రాకపోకలు లేని పాత రెండు లైన్ల రోడ్డు చూసుకోండి. ముందూ వెనకా బాగా దూరం దాకా ఖాళీగా ఉన్నప్పుడు కారుని కాసేపు సరిగ్గా రోడ్డు నడిమధ్యకి తీసుకురండి. అక్కడ వాలు రెండు వైపులకీ సమానం. చేతులు స్టీరింగ్‌కి ఆనించే ఉంచి పట్టు మాత్రం వదలండి. అక్కడ కూడా కారు ఒకే వైపుకి పోతుంటే రోడ్డుని తిట్టి లాభం లేదు. పోయినసారి ఈ పరీక్ష నేను చేయలేదు. ఆటోనగర్ రోడ్డు మీద ఒక రౌండు కొట్టి వచ్చేశాను. ఆ గుంటల్లో ఏ కారైనా అన్ని వైపులకీ పోతుంది.

ఈసారి మెషీన్ జోలికి పోలేదు. ముందు ప్రశ్నలు అడిగాను. మా నాన్న పురికొస తాడు, మేస్త్రీల తూకం గుండు పెట్టుకుని అంబాసిడర్లకీ లారీలకీ చక్రాలు సరిచేసేవాడు. కంప్యూటర్ లేదు, కాగితం లేదు. పావుగంట సేపు డ్రైవర్‌ని ప్రశ్నలడిగాకే తాడు తీసేవాడు. నేను మెషీన్ కొన్నాక ఆ అలవాటు తప్పింది.

ఎప్పుడు లాగుతుంది అన్నదే అసలు ప్రశ్న. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే లాగితే అలైన్‌మెంట్ కంటే ముందు బ్రేకులు చూడాలి. ఒక వైపు కాలిపర్ జారే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతే, ఆ వైపు బ్రేకు సరిగ్గా పట్టదు, లేదా పట్టింది వదలదు. బయటికి బాగానే కనిపించే బ్రేకు రబ్బరు గొట్టం లోపల వాచిపోయి నూనెని వెనక్కి రానివ్వకపోవడం కూడా ఉంటుంది. అప్పుడు ఐదారు కిలోమీటర్లు నడిచాక లాగుడు మొదలవుతుంది, ఆ చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ తగులుతుంది. చెయ్యి ఆనించకండి, కాలుతుంది. దగ్గర పెడితే చాలు.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక వైపుకి, కాలు తీస్తే ఇంకో వైపుకి పోతుంటే లోయర్ ఆర్మ్ బుష్షులో, ఇంజిన్ మౌంటింగులో చూడాలి. రబ్బరు చిరిగిపోతే చక్రం తన చోటు తాను మార్చుకుంటూ ఉంటుంది. అలైన్‌మెంట్ మెషీన్ మీద కారు కదలకుండా నిలబడి ఉంటుంది కాబట్టి కొలతలు మంచిగానే వస్తాయి. ఇక చిత్రమైన రకం ఒకటుంది. ఎడమకి మలుపు తిరిగాక ఎడమకి లాగుతుంది, కుడికి తిరిగాక కుడికి. స్ట్రట్ పైనున్న బేరింగు బిగుసుకుపోయిందనో, బాల్ జాయింట్ గట్టిపడిందనో దాని అర్థం. స్టీరింగ్ ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోతుంది, తనంతట తాను మధ్యకి రాదు. కొత్త బుష్షులు వేసేటప్పుడు కారుని జాకీ మీద వేలాడదీసే బోల్టులు బిగించేసినా ఇదే తంతు. కారు నేల మీద బరువుతో నిలబడ్డాకే ఆ బోల్టులు చివరి బిగింపు బిగించాలి. మా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇతనిది వీటిల్లో ఏదీ కాదు. బ్రేకు వేసినా వేయకపోయినా, తొక్కినా వదిలినా, చల్లగా ఉన్నా వేడెక్కినా ఎడమకే.

గాలి చూశాను, టైర్లు చల్లగా ఉన్నప్పుడే. ఒక వైపు గాలి తగ్గితే కారు ఆ వైపే లాగుతుంది. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి, నా అనుభవంలో. ఇతనిది రెండు వైపులా సమానమే. తర్వాత టైర్లు. టైరు తయారీలోనే ఒక్కోసారి లోపలి బెల్టు కాస్త పక్కకి జరిగి ఉంటుంది. కంటికి గుండ్రంగానే కనిపిస్తుంది గానీ బరువు మీద గరాటులాగా దొర్లుతుంది. ఇంట్లో స్టీలు గ్లాసు పక్కకి పడేసి దొర్లించి చూడండి. తిన్నగా పోదు, సన్నగా ఉన్న అడుగు వైపుకి తిరుగుతుంది. ఇదీ అంతే. కనిపెట్టడం తేలిక. ముందు చక్రాలు రెండూ అటుదిటు, ఇటుదటు మార్చి నడపాలి. లాగుడు దిశ మారితే దోషం టైరుదే, మారకపోతే కాదు. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లయితే అలా మార్చకూడదు, అదే పక్కన ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వేసి చూడాలి. ఇరవై నిమిషాల పని. ఇతను ఆ ఇరవై నిమిషాల సమాధానాన్ని రెండు కొత్త టైర్లు కొని తెలుసుకున్నాడు. పాతవాటికి ఇంకా కనీసం ఏడాది ఆయుష్షు ఉండేది.

లిఫ్ట్ మీదకి ఎక్కించి ఊపి చూశాం. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, చక్రం బేరింగులు గట్టిగానే ఉన్నాయి. స్ప్రింగులు విరగలేదు. అప్పుడు మెషీన్ మీదకి.

ఇక్కడ మూడు మాటలు చెప్పుకోవాలి. 'టో' అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికి చూస్తున్నాయా బయటికి చూస్తున్నాయా అన్నది. చాలామంది అలైన్‌మెంట్ అంటే ఇదొక్కటే అనుకుంటారు. ఎందుకంటే మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి కంపెనీ మార్చుకోవడానికి ఇచ్చింది అదొక్కటే. కానీ ముందు చక్రాల టో చెడితే టైర్లు అరుగుతాయి, స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, అంతే తప్ప మామూలుగా కారు లాగదు. లాగుడు పోగొడతానని టో తిప్పేవాడు మీ టైర్లని రాయి మీద అరగదీస్తున్నట్టే. వెనక చక్రాలు పక్కకి చూస్తుంటే వేరే సంగతి. అప్పుడు కారు ఊరకుక్క నడిచినట్టు కాస్త అడ్డంగా నడుస్తుంది.

లాగేవి తక్కిన రెండూ. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం తల బయటికో లోపలికో వాలి ఉండటం 'క్యాంబర్'. మళ్లీ ఆ గ్లాసే గుర్తు తెచ్చుకోండి. చక్రం ఎటు వాలితే అటు దొర్లాలని చూస్తుంది. రెండు చక్రాలూ సమానంగా వాలితే ఒకదాని బలం ఇంకొకటి కొట్టేస్తుంది, తేడా ఉంటేనే గొడవ. తల ఎక్కువగా బయటికి వాలిన వైపుకి కారు పోతుంది. 'క్యాస్టర్' అంటే సైకిల్ ముందు ఫోర్కు ముందుకి వాలి ఉంటుంది చూడండి, అది. చిన్నప్పుడు చేతులు వదిలేసి సైకిల్ తొక్కగలిగామంటే దాని సాయం కూడా ఉంది. కారులో అది ఏ వైపు తక్కువగా ఉంటే ఆ వైపుకి లాగుతుంది. ఏదైనా రెండు వైపుల మధ్య తేడా అర డిగ్రీ దాటితే నాకు అనుమానం మొదలవుతుంది. మొదలవ్వాలి. పోయినసారి మొదలవలేదు.

కొలతలు వచ్చాయి. క్యాస్టర్ రెండు వైపులా దాదాపు ఒకటే. క్యాంబర్ ఎడమ చక్రానికి 0.5 డిగ్రీ బయటికి, కుడి చక్రానికి 0.5 డిగ్రీ లోపలికి. ఆ కారుకి ఉండాల్సింది సున్నా, అటూ ఇటూ ఒక డిగ్రీ దాకా సడలింపు ఉంది. కాబట్టి ఎడమ గడీ ఆకుపచ్చ, కుడి గడీ ఆకుపచ్చ. విడివిడిగా రెండూ పాసు. రెండింటి మధ్య తేడా ఎంత? ఒక డిగ్రీ. మూడు వారాల కిందటి కాగితం తీసి చూశాను. అవే అంకెలు. నా కళ్ల ముందే ఉన్నాయి, నేను రంగు మాత్రమే చూశాను.

మా కుర్రాడు వెంటనే, "మేస్త్రీ, సన్న బోల్టు వేసి ఎడమది లోపలికి లాగేద్దామా?" అన్నాడు. షాకబ్జర్‌కీ చక్రం పట్టే నకిల్‌కీ మధ్య ఉండే బోల్టు బదులు సన్నది వేస్తే కాస్త సందు దొరుకుతుంది, క్యాంబర్ మారుతుంది. అరగంటలో అంకెలు సమానం అయ్యేవి. నాకూ చెయ్యి ఆడింది, అబద్ధమెందుకు. కానీ అద్దానికి చుట్టిన టేపు కనిపిస్తోంది. ఒక డిగ్రీ తేడా దానంతటది రాదు కదా, ఎక్కడి నుంచి వచ్చింది?

మెషీన్లో ఇంకో కొలత ఉంటుంది, చాలా షెడ్లలో ఆ పేజీ తెరవరు. పాతవాళ్లు కింగ్‌పిన్ కోణం అనేవాళ్లు. చక్రం ఏ ఇరుసు మీద అటూ ఇటూ తిరుగుతుందో ఆ ఇరుసు పైన లోపలికి ఎంత వాలిందో చెబుతుంది. ఎడమ వైపు 11.9, కుడి వైపు 12.9. దీనికి క్యాంబర్ కలపండి. ఎడమ 11.9కి 0.5 కలిపితే 12.4. కుడి 12.9లోంచి 0.5 తీసేస్తే 12.4. రెండూ ఒకటే!

ఆ కూడిక సమానంగా ఉందంటే నకిల్ వంగలేదు, స్ట్రట్ వంగలేదు. ఏదైనా వంగి ఉంటే ఆ వైపు కూడిక చెడేది. ఇక్కడ ఒక వైపు ఎంత పెరిగిందో రెండో వైపు సరిగ్గా అంతే తగ్గింది. అంటే రెండు చక్రాల అడుగులూ కలిసి ఒకే వైపుకి, కుడికి జరిగాయన్నమాట. రెండు లోయర్ ఆర్ములనీ కలిపి పట్టుకునేది ఒకటే ఉంది, కింద ఉండే క్రాస్ మెంబర్.

"క్లచ్ ఏమైనా వేయించావా?" అని అడిగాను.

"ఐదు నెలలైంది బాబాయ్. వేరే చోట."

"లాగుడు ఎప్పట్నుంచి?"

ఆలోచించాడు. "ఆ తర్వాతే అనుకుంటా. మొదట్లో కొత్త క్లచ్ కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నా."

ఈ రకం కార్లలో క్లచ్ దింపాలంటే క్రాస్ మెంబర్ కిందికి దించాలి. మళ్లీ ఎక్కించేటప్పుడు బోల్టు రంధ్రాల్లో కొద్దిగా సందు ఉంటుంది. మధ్యకి చూసుకోకుండా బిగిస్తే నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకి ఉండిపోతుంది. ఐదు మిల్లీమీటర్లు అంటే చిటికెన వేలి గోరంత కూడా కాదు. కానీ కింది బాల్ జాయింట్ నుంచి పైన స్ట్రట్ తల దాకా ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు వేసుకోండి. అడుగున ఐదు మిల్లీమీటర్లు జరిగితే ఒక్కో వైపు దాదాపు అర డిగ్రీ. ఒక వైపు కూడి, రెండో వైపు తీసి, మొత్తం ఒకటి. లెక్క అతికింది.

టార్చి వేసి కిందికి దూరాను. క్రాస్ మెంబర్ బోల్టు పక్కన బురద, తుప్పు లేని చోట నెలవంకలాగా సన్నటి మెరుపు గీత ఉంది. పాత బోల్టు తల ఎన్నో ఏళ్లు కూర్చున్న చోటు అది. ఇప్పటి బోల్టు దానికి పక్కగా కూర్చుంది. నాలుగు బోల్టుల దగ్గరా అదే గీత, అదే వైపు. డ్రైవర్‌ని కూడా కిందికి పిలిచి చూపించాను. చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు.

పని గంటన్నర. కింద జాకీ ఆనించి బోల్టులు వదులు చేసి, బారుతో మెల్లగా ఎడమకి తోశాం. పాత గుర్తుల మీదకి రాగానే ఆపి, కొలిచే రెంచితో బిగించాం. కొన్ని కార్లలో ఈ బోల్టులు ఒక్కసారి వాడి పారేయాల్సినవి, కొత్తవే వేయాలి. మళ్లీ మెషీన్. క్యాంబర్ ఎడమ 0.1 బయటికి, కుడి 0.1 లోపలికి. అడుగు జరిగితే టో కూడా కదులుతుంది కాబట్టి స్టీరింగ్‌ని తిన్నగా లాక్ చేసి అది చివర్లో సరిచేశాం. ముందు టో చూసి తర్వాత క్యాంబర్ ముట్టుకుంటే చేసిన పని మళ్లీ చేయాల్సిందే.

ఈసారి బందరు రోడ్డు దాకా వెళ్లి, పక్క ఊరి రోడ్డెక్కి, నడిమధ్యన నడిపి చూశాం. స్టీరింగ్ అతని చేతుల్లోనే ఉంది. కాసేపటికి చూస్తే కుడి భుజం ఇంకా బిగబట్టుకునే ఉన్నాడు, కారు కుడికి పోతోంది. "వదలరా, పట్టుకోనక్కర్లేదు" అన్నాను. ఐదు నెలల అలవాటు, ఒక్కసారిగా ఎలా పోతుంది?

డబ్బులు తీసుకోలేదు. పోయినసారివి కూడా వెనక్కి ఇచ్చేశాను. పగిలిన అద్దానికి నేనిస్తానంటే వద్దన్నాడు. టైర్ల ఖర్చుకి మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

ఇది చదివి మీలో కొందరు డాష్‌బోర్డులో దాచిన అలైన్‌మెంట్ కాగితం తీస్తారని తెలుసు. తీయండి. రంగులు చూడకండి, ముందు చక్రాల క్యాంబర్, క్యాస్టర్ అంకెలు ఎడమవీ కుడివీ పక్కపక్కన పెట్టి తేడా చూడండి. కాగితంలో పనికి ముందు కొలతలు, పని తర్వాత కొలతలు రెండూ లేకపోతే ఈసారి అడిగి తీసుకోండి. లాగుడు మొదలవడానికి ముందు కారులో ఏం పని జరిగిందో, ఏ గుంటలో పడిందో వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. క్లచ్ పనో, గేర్‌బాక్స్ పనో అయితే తప్పకుండా చెప్పండి. ర్యాక్ మార్చాలని ఎవరైనా అంటే, ముందు చక్రాలు అటూ ఇటూ మార్చి చూశారా అని ఒక్క మాట అడగండి. కోపం తెచ్చుకుంటే ఇంకో షెడ్డు చూసుకోవచ్చు, ఆటోనగర్‌లో షెడ్లకి కొదవ లేదు.

మొన్న ఆదివారం అతను మళ్లీ వచ్చాడు. కొత్త అద్దం పెట్టించాడు. టైర్లలో గాలి చూడమన్నాడు. భుజం ఎలా ఉందంటే, మాత్రలు ఇంకో వారం ఉన్నాయన్నాడు.